లాంతరు తాతకు నివాళి

"నాన్చకండి. వెళ్లీ వెళ్లగానే ఉన్నమాట చెప్పేసి వచ్చేయండి. పొగడ్తలు వింటూ కూర్చున్నారంటే మీకిక నోరు పెగలదు."

భార్య మాటలు చెవిలో గింగురుమంటుండగానే ఆయన హాల్లోకి అడుగుపెట్టాడు.

వందమంది దాకా ఉన్నారు. ముప్పై అయిదేళ్ల కిందట దుప్పటి ముసుగులోంచి ఆ దయ్యాల సీరియల్ చూసి, ఇప్పుడు సెల్‌ఫోన్లో మళ్లీ మొదటినుంచీ చూస్తున్నవాళ్లు. హీరో వాళ్లకి అక్కర్లేదు. ప్రతి కథలోనూ లాంతరు పట్టుకుని "ఎవరక్కడ?" అంటూ పాడుబడ్డ బంగళాలోకి వెళ్లి, మొదటి పది నిమిషాల్లోనే దయ్యం చేతిలో చచ్చే కాపలా ముసలాడు కావాలి. తెరమీద అతని పేరు ఏనాడూ పడలేదు. అందుకే అందరికీ లాంతరు తాత.

వేదిక మీద తాత ఫొటో. తెల్లగడ్డం, ఫ్రేముకి నల్ల రిబ్బను, ముందొక కొవ్వొత్తి. పక్క బల్లమీద పాత లాంతరు. ఫ్రేము మూల పగిలి ఉంది. ఆ పగులు సంగతి ఆయనకి తెలుసు. సీరియల్లో, చనిపోయిన తాత ఫొటో గోడమీంచి దభీమని పడే సీనులో పగిలిందది.

"ఈ ఫొటో దొరక్కపోతే తాతగారు పోయిన సంగతే మాకు తెలిసేది కాదండీ," అన్నాడు సభ ఏర్పాటు చేసిన బ్యాంకు ఆఫీసరు. "చానల్ వాళ్ల సామాన్ల గదిలో, ఇదిగో ఈ రిబ్బనుతో సహా బయటపడింది. అప్పటికే డెబ్బై దాటిన మనిషి కదా, ఇంతకాలం ఉంటారని మేమూ అనుకోలేదు లెండి." అని ఆయన మొహంలోకి తేరిపార చూశాడు. "అరె! అవే కళ్లు! మీరు తాతగారబ్బాయి కదూ?"

ఆయన నోరు తెరిచేలోగానే ఆఫీసరు చెయ్యి పట్టుకు లాక్కెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టేశాడు.

"నాన్నగారి గురించి మీరు రెండు ముక్కలు మాట్లాడి తీరాలి!"

సరే, ఆ వంతు వచ్చినప్పుడే చెబుదాం అనుకున్నాడు.

టీచరమ్మ ఒకావిడ లేచింది. "చిన్నప్పుడు నాకు చీకటంటే భయం. తాతని చూశాక పోయింది. నాకంటే పిరికివాళ్లు లోకంలో ఒకరున్నారని ధైర్యం వచ్చింది!"

అందరూ నవ్వారు. తర్వాత ఒక డాక్టరు. "ఇరవై ఆరు చావులు. దేనికదే. ఇన్నేళ్ల ప్రాక్టీసులో అంత నిజంగా చచ్చినవాణ్ణి నేను చూళ్లేదు."

చప్పట్లు మోగిపోయాయి.

ఆయన లోలోపల లెక్కేసుకున్నాడు. ఇన్నేళ్లలో తమ ఇంటికి అభిమాని రాసిన కార్డుముక్క ఒక్కటి రాలేదు. ఇప్పుడు ఉన్నమాట చెబితే? కొవ్వొత్తి ఆర్పేస్తారు. కుర్చీలు మడిచేస్తారు. తాత మళ్లీ ఎవరికీ పట్టని ముసలాడైపోతాడు. లోపల ఇద్దరు తగువులాడుకుంటున్నట్టుంది. ఒకడికి సిగ్గు. ఇంకొకడికి చప్పట్ల ఆకలి.

అంతలో ఆ సీరియల్‌నే కొత్తగా తీస్తున్న దర్శకుడు మైకందుకున్నాడు. "లాంతరు పాత్రకి మనిషి దొరకట్లేదు. తాతగారే ఉండుంటే కాళ్లమీద పడైనా తీసుకొచ్చేవాణ్ణి."

ఇక ఆయన ఆగలేకపోయాడు. చటాలున లేచాడు.

"అయ్యా, నేనొక మాట..."

"రండి రండి! ఆ రక్తం ఎక్కడికి పోతుంది? ఏదీ, ఒక్కసారి మీ నాన్నగారిలా చేసి చూపించండి!" అంటూ దర్శకుడు లాంతరు చేతిలో పెట్టేశాడు.

లాంతరు తగలగానే వీపు దానంతటదే వంగింది. "ఎవరక్కడ?" అన్నాడు. నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. గుడ్లు తేలేశాడు. కూలిపోయాడు.

మర్యాదకి నాలుగు చప్పట్లు పడ్డాయి. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని వెనక వరసలో ఎవరో గొణిగారు.

"పోలికుందండీ," అన్నాడు దర్శకుడు నొచ్చుకుంటూ. "కానీ ఏమనుకోకండి, ఆ ప్రాణం రాలేదు. నాన్నగారు నాన్నగారే."

ఆయన నేలమీంచి లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"ఇందాక ఏదో అనబోయారు?" అన్నాడు ఆఫీసరు.

"ఏం లేదు. మా కుటుంబం తరఫున... అందరికీ కృతజ్ఞతలు."

ఒక నిమిషం మౌనం పాటించారు. నిమిషం అయిపోయినా ఆయన తలెత్తలేదు.

బయట మెట్లమీద ఫోను మోగింది.

"చెప్పేశారా?"

"ఎక్కడా! కృతజ్ఞతలు చెప్పి వచ్చేశాను. ఏటా జరుపుతారట. ముందు వరసలో కుర్చీ నాకే."

 అవతల భార్య గయ్యిమంది.

"ముప్పయ్యో ఏట మీరు అంటించుకున్న ఆ దిక్కుమాలిన గడ్డాన్ని నమ్మి వాళ్లు మిమ్మల్ని చంపేస్తే, మీ సంతాపసభకి మీరే వెళ్లి కృతజ్ఞతలు చెప్పొచ్చారా?"