నీళ్లు వచ్చినంత మేర

మూసీ పొంగి ఇళ్లలోకి వచ్చిన ఏడాది నుంచి లెక్కిస్తే అది ఎనిమిదో ఏడు. ఉప్పల్‌లో ఏటి ఒడ్డున పశువుల గడ్డి పెంచే బుచ్చయ్య దగ్గరికి సర్వే చేసే ఫణీంద్ర రంగు డబ్బాతో వచ్చాడు.

"ఆ వరదకి నీళ్లు ఎందాకా వచ్చాయి తాతా?"

పరిహారం కోసం నష్టం రాసుకుంటున్నారనుకున్నాడు బుచ్చయ్య. నిజానికి నీళ్లు తన గడప దగ్గరే ఆగాయి. అయినా ఎగువనున్న ఇల్లు చూపించాడు. అది చనిపోయిన తమ్ముడి భార్య సాలమ్మది. ఆమె నాచారం ఫ్యాక్టరీకి పనికి పోయింది.

"గా కిటికీ దాకా మునిగింది సారూ. రాస్కో."

ఫణీంద్ర మ్యాపులో రాసుకుని, ఆ ఇంటి గోడ మీద ఎర్ర గీత గీశాడు.

"పాపం, ఇల్లు కురుస్తది. రేకులు ఎప్పుడిస్తరు?"

"రేకులేంటి? నీళ్లొచ్చినంత మేరా నదిదే తాతా. ఇళ్లు తీసేసి, జనం నడవడానికి బాట, పచ్చిక వేస్తారు."

"అయితే గా గీత కొట్టెయ్ సారూ! అబద్ధం చెప్పిన. నీళ్లు నా గడప దాటలే."

"గీత గీశాక అందరూ ఇదే అంటారు తాతా."

మర్నాడు పొద్దున్నే బుచ్చయ్య సున్నం కలిపి ఆ గీత మీద పూశాడు.

"పండుగ లేదు, పబ్బం లేదు, గీ సున్నమేంది బావా?" అని నవ్వింది సాలమ్మ.

ఎరుపు ఇంకా కనబడుతుంటే బుచ్చయ్య మళ్లీ కుంచె ముంచాడు.