మడి పంచె మీద మరక

ఆ రోజుల్లో పిల్లి ఉన్న ప్రతి ఇంట్లోనూ దాని దొడ్డికి మాట్లాడే ఇసుక పెట్టె ఉండేది. తనను తానే కడుక్కుని, పొద్దున్నే పిల్లి ఆరోగ్యం చదివి వినిపించేది. అందుకని పిల్లి వంక ఎవరూ పరీక్షగా చూసేవారు కాదు.

ఒక ఉదయం మీగడ అనే పిల్లి పెట్టె ఎక్కకుండా, దండెం మీంచి జారిన సోమయాజులుగారి మడి పంచె మీద ఉచ్చ పోసింది. ఆయన చిందులు తొక్కారు.

"పెట్టె అంతా బాగుందనే అంటోంది మావయ్యగారూ. ఒట్టి పొగరు వీడికి," అంది కోడలు వైదేహి.

పంచె తడపబోయి ఆయన ఆగిపోయారు. తెల్లటి బట్ట మీద మరక ఎర్రగా ఉంది.

"పొగరు కాదమ్మా, నెత్తురు. ఆస్పత్రికి పద!"

"మూత్రనాళంలో రాయి ఉంది. పెట్టెలో కూర్చుంటే నొప్పి, అందుకే అదంటే భయం. రేపటిదాకా ఆగితే దక్కేవాడు కాదు," అన్నాడు డాక్టరు.

రెండు రోజులకి మీగడ ఇల్లు చేరాడు. "పెట్టె పరిశుభ్రం, పిల్లి క్షేమం," అంది పెట్టె. సోమయాజులుగారు దాని నోరు నొక్కేసి, ఉతికిన పంచె మడతపెట్టి నేల మీద పరిచారు.

"మీ మడి పంచె కదండీ!" అంది వైదేహి.

ఆయన మీగడను దాని మీద పడుకోబెట్టారు.

"నాతో చెప్పుకున్నావు. అదే పదివేలు నాన్నా."