ఇల్లుబండిలో మూలగది

బండి కొనడానికి వచ్చిన జంటలో భర్త నేరుగా ఇంజను దగ్గరికి పోయాడు. భార్య మాత్రం ఇల్లుబండిలోకి ఎక్కి, మంచం, పొయ్యి, సింకు అన్నీ దాటుకుని, వెనక మూలనున్న తలుపు తీసింది.

"పిన్నిగారూ, ఈ టాయిలెట్ కడగడం ఎలాగో చూపిస్తారా? మిగతావన్నీ ఆయన చూసుకుంటారు. ఇది మాత్రం నా నెత్తినే పడుతుంది."

వెనకే ఎక్కిన బండి సొంతదారు పెద్దావిడ తల ఊపింది. ఆమె భర్త చనిపోయి రెండు నెలలైంది. ఏడుస్తుందేమోనని చుట్టాలంతా కాచుకుని కూర్చున్నారు. ఏడుపు రాలేదు. పొద్దున్నే చేతులకు పని లేక తోచడం లేదు, అంతే.

కిందికి దిగి, బండి పక్కనున్న చిన్న తలుపు తెరిచి, టాయిలెట్ కింది ట్యాంకును సొరుగులా బయటికి లాగింది.

"ఎర్రలైటు వెలిగేదాకా ఆగకమ్మా. నిండితే మొయ్యలేవు. ఒంపేటప్పుడు ఈ బటన్ నొక్కి పట్టుకో, గాలి ఆడుతుంది. లేదంటే గుడగుడమని మీదే చిందుతుంది. రెండుసార్లు నీళ్లు పోసి, బాగా కుదిపి పారబొయ్యి. బ్లీచింగ్ జోలికి పోకు, రబ్బరు పాడైపోతుంది. ఆఖర్న ఈ మందు ఒక మూత, రెండు చెంబుల నీళ్లు."

"మరి వాసనో?"

"నాలుగు రోజులు పోతే ముక్కే నోరు మూసుకుంటుంది."

అమ్మాయి పకపకా నవ్వింది. ఆమె నవ్వలేదు. మూత చుట్టూ ఉన్న రబ్బరును వేలితో తడిమి చూసింది. ఒక్క పగులు లేదు.

"ఎన్నాళ్లు వాడారు?"

"నాలుగేళ్లు. రోజూ ఒంపేదాన్ని."

"నాలుగేళ్లూ ఇందులోనేనా?"

"ఇంట్లో ఉండమంటే మా ఆయన ససేమిరా అన్నారు. పొద్దున లేస్తూనే మ్యాపు తీయమనేవారు. ఇవాళ ఎక్కడికే అని అడిగేవారు."

"మీరేమనేవారు?"

"సముద్రం అనేదాన్ని ఒకరోజు. కొండలు అనేదాన్ని ఒకరోజు. నేనేది చెబితే అది."

"పెట్టి పుట్టారండీ," అన్నాడు అమ్మాయి భర్త, చేతులు తుడుచుకుంటూ వచ్చి. "మాకు సెలవు దొరికేదే ఏడాదికి పది రోజులు. ఇంజను కూడా భలే ఉంచారు."

"నిన్న మెకానిక్ వచ్చి కొత్త బ్యాటరీ వేశాడు బాబూ," అంది ఆమె.

పెట్టి పుట్టారన్న మాటకు ఆమెలో ఏదీ కదల్లేదు. ట్యాంకును గాడిలోకి తోసింది. టక్కుమంది. ఆ చప్పుడు వినపడితేనే సరిగ్గా కూర్చున్నట్టని అమ్మాయికి చెప్పింది. అమ్మాయి చేత కూడా ఓసారి లాగించి, తోయించింది.

ఈలోగా అతను తాళం చెవి అడిగి తీసుకుని, డ్రైవరు సీట్లో కూర్చుని తిప్పాడు. ముందున్న లైట్లన్నీ వెలిగాయి. అతను ముందుకు వంగి చూశాడు.

మీటరులో పదకొండే కిలోమీటర్లున్నాయి, షోరూము నుంచి ఈ గుమ్మం దాకా, ఆయనకు పక్షవాతం వచ్చే ముందు రోజు నడిపినవి.