జంట గొట్టాల తూకం

"మీరు ఒక్క అబద్ధం ఆడితే చాలు మేస్త్రిగారూ, నా ప్రాణం కుదుటపడుతుంది" అంది ఆమె, మెట్ల వైపు ఓ కన్నేసి ఉంచుతూ.

తుపాకులు బాగుచేసే మేస్త్రి చేతిలోని నూనెగుడ్డ పక్కన పెట్టాడు. "తుపాకీ విషయంలో అబద్ధం చెప్పనమ్మా. ఏది ఉంటే అదే చెబుతాను. అసలు సంగతేమిటి?"

"మా ఆయనకి చూపు ఆనడం లేదు. ఆ మాటంటే ఒప్పుకోరు. పోయినసారి వేటలో స్నేహితుడి నల్లగొడుగుని అడవిపంది అనుకుని పేల్చారు. గొడుగు పక్కనే ఆ స్నేహితుడు కునుకు తీస్తున్నాడు."

"తగల్లేదు కదా?"

"గొడుక్కి కూడా తగల్లేదు. అందుకే ఆయన బతికిపోయాడు."

మేస్త్రి నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

"రేపు పొద్దున్నే మళ్ళీ బయల్దేరుతున్నారు. జట్టులో ముందు నడిచేది ఈయనే. ఈసారి ఎవరి ప్రాణం మీదికి తెస్తారోనని నాకు నిద్ర పట్టడం లేదు. తుపాకీ పాడైందని మీరంటే ఆగుతారు. నా మాట ఏనాడు విన్నారు గనక?"

మేస్త్రి జవాబు చెప్పేలోగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఆమె గబుక్కున గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగింది.

పెద్దాయన ఆయాసపడుతూ లోపలికొచ్చాడు. గుమ్మం పక్కన వేలాడుతున్న కోటుని చూసి, "ఏం మేస్త్రీ, కులాసానా?" అన్నాడు.

"ఇటున్నానయ్యా."

"ఆ బల్బు మార్చవయ్యా. గుడ్డివెలుగు" అని విసుక్కుని, భుజానున్న సంచీలోంచి తుపాకీ తీసి బల్ల మీద పెట్టాడు. "మా తాత కొన్నది. చూడాల్సిందేమీ లేదనుకో. పరీక్ష చేయించమని ఈవిడ ఒకటే పోరు."

మేస్త్రి గొట్టాలను కర్రపిడి నుంచి విడదీశాడు. రెండూ పక్కపక్కనే అతికి ఉన్నాయి. వాటి మీద సన్నని చారలు అలలు అలలుగా కనిపిస్తున్నాయి.

"ఈ చారలు ఎవరు చెక్కారండీ?" అంది ఆమె, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"చెక్కినవి కాదమ్మా. ఆ రోజుల్లో ఇనుప పట్టీ, ఉక్కు పట్టీ కలిపి జడలా మెలిపెట్టేవాళ్ళు. దాన్ని ఎర్రగా కాల్చి, ఒక కడ్డీ చుట్టూ చుట్టుకుంటూ పోయి, అతుకు తెలియకుండా సమ్మెటతో కొట్టేవాళ్ళు. తర్వాత కడ్డీ లాగేస్తే గొట్టం. ఆ మెలికలే ఇలా పైకి కనిపిస్తాయి." గొట్టాలను వెల్లకిలా తిప్పి అడుగున ఉన్న అంకెలు చూపించాడు. "రెండు గొట్టాలూ అతికి, పరీక్ష చేసి, అప్పటి బరువు ఇక్కడ ముద్ర కొట్టేవాళ్ళు. కిలో నాలుగొందల యాభై."

"నేనది తుపాకీ నంబరనుకున్నాను."

"చాలామంది అలాగే అనుకుంటారు."

మేస్త్రి గొట్టాలను త్రాసులో పెట్టి, రాళ్ళు వేశాడు. ఒకటి తీశాడు. చిన్నది వేశాడు. పెద్దాయన కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"కిలో మూడొందల పది" అన్నాడు మేస్త్రి.

"అయితే ఏమిటట?"

"వాడకంలో పదో పరకో గ్రాములు తరగడం మామూలేనయ్యా. నూటనలభై తరిగిందంటే లోపల గీకారన్నమాట."

"లోపల అద్దంలా మెరుస్తోంది కదయ్యా."

"గీకితే మెరవదా మరి? గొట్టం పలచబడిపోయింది. ఇప్పుడు తూటా పెట్టి పేలిస్తే గొట్టమే చీలుతుంది. పట్టుకున్న చెయ్యి పోతుంది."

"ఎవడు గీకాడు?" పెద్దాయన గొంతు పెంచాడు.

"అది నన్నడక్కండి." మేస్త్రి తల వంచుకుని త్రాసు పళ్ళెం తుడిచాడు.

"మా నాన్న హయాంలో ఏ పనికిమాలినవాడి చేతిలోనో పెట్టుంటారు. లేదా నీ త్రాసే దొంగది."

మేస్త్రి కిలో రాయి ఒకటి ఈ పళ్ళెంలో, మరొకటి ఆ పళ్ళెంలో పెట్టాడు. ముల్లు కదలకుండా మధ్యలో నిలబడింది. పెద్దాయన దగ్గరికి వంగి, ముక్కు ముల్లుకి ఆనేంతగా చూశాడు. చివరికి ఒప్పుకున్నట్టు తలాడించాడు.

ఆమెకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. అంతలోనే మరో భయం పట్టుకుంది. "మీ స్నేహితుడి దగ్గర ఇంకో తుపాకీ ఉందన్నారుగా?"

"పరాయి తుపాకీ పట్టుకుని వేటకెళ్తానా? ఈ చేతికి ఇదొక్కటే అలవాటు." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఫోన్ చేసి నువ్వే చెప్పు వాళ్ళకి. తుపాకీ పాడైంది కాబట్టి ఆగిపోయాడని చెప్పు. ఆ మాట మర్చిపోకు."

"చెబుతానండీ. మీరు కాసేపు కూర్చోండి. నేను కిందికెళ్ళి ఆటో పిలుస్తాను."

మెట్లు దిగుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధంతో పని లేకుండానే గండం గడిచింది. కానీ ఆయన వాలిపోయిన మొహం చూశాక సంతోషించడానికి మనసు రాలేదు.

పైన మేస్త్రి గొట్టాలను మళ్ళీ పిడికి బిగించాడు. పెద్దాయన తుపాకీని ఒళ్ళోకి తీసుకుని, ఆ చారల మీద వేళ్ళతో నెమ్మదిగా రాస్తూ ఉండిపోయాడు.

"బాధపడకండయ్యా" అన్నాడు మేస్త్రి.

"ఆ బాధంతా మొన్న నిన్ను గీకమన్నప్పుడే పడ్డాను."