పత్తి కప్పులో మొదటి బంతి

"ఇయ్యాలైన భూమన్నకు చెప్పుండ్రి. ప్రతి ఏడు గిదే కథ. పోయొచ్చినంక నాలుగు రోజులు మంచం దిగరు," అంటూ ప్రిస్కిల్లా భర్త మోకాలికి తైలం రాసింది.

"చెప్త," అన్నాడు సామ్యూల్, బూట్లు ముందుకు లాక్కుంటూ.

"పోయినేడు గూడ గట్లనే అన్నరు."

నిజమే. అంతకు ముందేడు కూడా అన్నాడు. చెప్పాలని నోరు తెరవడం, భూమన్న మొహం చూడగానే మాట మింగేయడం, అదో అలవాటైపోయింది. కానీ ఇప్పుడు డెబ్భై దాటాయి. భుజం పైకి లేవనంటోంది. ఇక తన వల్ల కాదు. అంతా ఇంతటితో సరి అని వింటే భూమన్న ఏమైపోతాడో అన్నదే బెంగ.

గేటు చప్పుడైంది. బోథ్ నుంచి మొదటి బస్సుకే కూతురు తిరుమల చెయ్యి పట్టుకుని వచ్చేశాడు భూమన్న. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నెత్తిన పాత టోపీ. షుగరు వల్ల రెండు కళ్లూ పోయి చాలా కాలమైంది. అయినా సామ్యూల్ గోల్ఫు సంచీని ఇంకొకరి భుజం ఎక్కనివ్వడు.

"సార్, తయారైండ్రా? లేటయితే ఢిల్లీ ప్లేయర్లు మనల సూసి నవ్వుతరు."

"అయిన, పా."

బజారులో పనుందని, బస్టాండులో కలుస్తానని చెప్పి తిరుమల వెళ్లిపోయింది. ఇద్దరూ హనుమంతు ఆటో ఎక్కారు. ఎక్కీ ఎక్కగానే భూమన్న చరిత్ర మొదలుపెట్టాడు. ఏటా అదే చరిత్ర. సామ్యూల్‌కు కంఠతా వచ్చు, అయినా ఊకొడతాడు.

"ఆదిలాబాద్‌ల గోల్ఫంటె ఎవలు నమ్మిండ్రు సార్! జిన్నింగు మిల్లు సేట్లు బొంబాయిల ఆడి వచ్చి, గీడ నల్లరేగడి చేన్లల్ల మైదానం జేసిరి. గడ్డి యాడిది? గుంతల సుట్టు ఇసుకల నూనె కలిపి సాపు జేసెటోళ్లం. మొదటేడు గెలిచినాయినకు కప్పుతోని పాటు పత్తి బస్తా గూడ ఇచ్చిరి. గందుకే దానికి పత్తి కప్పని పేరువడ్డది."

"ఊఁ."

"తర్వాత పైసల ఆటయింది. కలకత్తా నుంచి, బెంగుళూరు నుంచి పెద్ద పెద్దోళ్లు వచ్చుడు షురువాయె. ఒకేడు వానకు రేగడంత బురదయితే, బూట్లిడిసి ఉత్తకాళ్లతోని ఆడిరి. ఇంకో యేడు..."

ఇక్కడికి వచ్చేసరికి భూమన్న గొంతు మారుతుంది. "ఇంకో యేడు మిషన్ కాంపౌండు వాచ్‌మన్ కొడుకు గెలిచిండు. సంచులు మోసిన పిలగాడు సేట్ల ముంగట కప్పు లేపిండు. గా దినం ఆయన సంచి మోసింది నేను."

సామ్యూల్ మొహం బయటికి తిప్పుకున్నాడు. కళ్లు తడిశాయి. జీవితంలో గెలిచింది ఒక్కసారి. ఆ ఒక్క గెలుపునూ తనకంటే భూమన్నే భద్రంగా దాచుకున్నాడు. ఇలాంటి మనిషి ముందు ఆ మాట ఎలా అనాలి? అలసటగా సీటుకు వాలాడు.

ఊరి చివర ఆటో దిగారు. భూమన్న కాలికి ఏదో తగిలి తూలబోతే సామ్యూల్ పట్టుకున్నాడు.

"గీ రాయేంది సార్?"

"హద్దు రాయి. పైలంగ నడువు."

దూరంగా ఏదో యంత్రం గుర్రుమంది.

"గడ్డి కోసే మిషనా?"

"ఆఁ, గదే."

"జనం వచ్చిండ్రా? సప్పుడే లేదు."

"షామియాన కింద కూసున్నరు. గోల్ఫు జూసెటోళ్లు సప్పుడు జేస్తరా?"

భూమన్న నవ్వాడు. "గదీ నిజమే."

పాత విజేత బంతి కొట్టాకే ఆట మొదలు. అది పత్తి కప్పు ఆనవాయితీ. భూమన్న సంచీలో తడిమి, అడక్కుండానే సరైన కర్ర తీసి చేతికిచ్చాడు. ముక్కుతూ మూలుగుతూ వంగి బంతిని తానే నేల మీద నిలబెట్టాడు.

సామ్యూల్ ఊపిరి బిగబట్టి కర్ర ఊపాడు. భుజంలో కత్తి దిగినట్టయింది. ఆటోకు ఆనుకుని నిలబడ్డ హనుమంతు చప్పట్లు కొట్టాడు.

భూమన్న చెవి ఒగ్గి విన్నాడు. "సక్కగ పోయింది సార్. జర ఎడమకు."

నిజంగానే ఎడమకు పోయింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననుకున్నాడు సామ్యూల్.

"భూమన్నా, నీకో ముచ్చట జెప్పాలె."

"చెప్పుండ్రి."

"వచ్చే ఏడు..."

"వచ్చే ఏడు నేనుంటనో పోతనో సార్. ఉంటె మాత్రం మొదటి బస్సుకే వస్త."

సామ్యూల్ కర్ర అందించాడు. భూమన్న దాన్ని తుడిచి సంచీలో పెట్టాడు.

"నేను గూడ తయారుగుంట," అన్నాడు సామ్యూల్ చివరికి, నీరసంగా. ఇంటికెళ్తే ప్రిస్కిల్లా తిట్లు ఖాయం. తిట్టనీ అనుకున్నాడు.

బస్టాండులో తిరుమల ముందే సీటు పట్టి ఉంచింది. భూమన్నను ఎక్కించి, సామ్యూల్ నీళ్ల సీసా కొనడానికి వెళ్లాడు. తిరిగి వచ్చి కిటికీలోంచి అందించబోతూ, లోపల మాటలు విని ఆగాడు.

"ఇయ్యాలైన చెప్పినవా బాపూ?" అంటోంది తిరుమల. "పానం బాగుంటలేదు, ఇంక రానని చెప్తనంటివి గద?"

"యాడ చెప్త బిడ్డా," అన్నాడు భూమన్న. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పత్తి కప్పు బందై ఏండ్లాయె గని, నేను రాకుంటె సార్ తట్టుకోడు."