వెనకాల హారన్

నత్తనడకన పోతున్న లారీని దాటబోయి తమ్ముడు వంతెన మలుపులో పోయిన రోజు నుంచి నేను కారును నలభై దాటనివ్వను. ఆ రోడ్డు మీద ఎనభై దాకా పోవచ్చు. వెనకవాళ్లు నన్ను తిట్టుకుంటూనే ఉంటారు.

ఈ సాయంత్రం చీకటిపడ్డాక, తమ్ముడి కూతురిని బడి నుంచి తీసుకొస్తున్నాను. వెనక ఒక కారు హారన్ కొట్టింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. నన్ను ఏడిపించడానికి తమ్ముడు అలాగే కొట్టేవాడు. ఇక్కడ రోడ్డు ఇరుకు, నేను జరిగితే తప్ప ఎవరూ దాటలేరు. పక్కకు తప్పుకుందామని ఇండికేటర్ వేశాను.

వెనక సీట్లో పిల్ల వెనక్కి తిరిగి అద్దంలోంచి చూసి నవ్వింది.

"జరుగు అత్తా. నత్తక్కా, దారియ్యవే అంటున్నాడు."

"ఎవరమ్మా?"

"నాన్న. ఇంటికి తొందరగా పోవాలట."

ఇంటికి తొందరగా పోవాలి. ఆఖరిసారి ఫోన్లో వాడు నాతో అన్న మాట అదే.

ఇండికేటర్ ఆపేశాను. దాని టిక్కుటిక్కు ఆగిపోయాక కారులో హారన్ ఒక్కటే మిగిలింది. ఎదురుగా వంతెన దీపాలు కనబడుతున్నాయి. అది దాటగానే మలుపు. వేగం ముప్పైకి తగ్గించాను, తర్వాత ఇరవైకి. వెనక వెలుగు అద్దం నిండా పరుచుకుంది.

"పాపం నాన్న, అత్తా," అంది పిల్ల.

నేను ఇంకా వాడికి దారి ఇవ్వలేదు.