ఇంకో ప్యాకెట్

మూడు రోజులుగా వాన విడవడం లేదు. ఉతికిన దుప్పటి ఆరలేదు. సాయిపద్మ దాన్ని ఫ్యాను కింద రెండు కుర్చీల మీద పరిచి, నడుం పట్టుకుని అక్కడే నేల మీద చతికిలబడింది. ఇదే అదనని సుమిత్ వచ్చి ఆమె వీపెక్కాడు.

"ఎంతకాలం లాగుతావమ్మా ఇలాగ?" వంటింట్లోంచి అత్తగారు వాసవీకుమారి గొంతు వినిపించింది. "రెండున్నర దాటిపోనాది ఆడికి. మా రోజుల్లో ఏడాది తిరక్కుండానే కాళ్ల మీద కూకోబెట్టి అలవాటు సేసీసేవోళ్లం. రోజంతా డైపరు కడతావు, రాత్రి అది కారితే దుప్పట్లు ఉతుకుతావు. ఏటి బతుకిది?"

"వానలు ఎల్లనీండత్తయ్యా. ఇప్పుడు మొదలెడితే ఇల్లంతా తడే."

"ఎండాకాలంలో ఏటన్నావు? ఉక్కకి పిల్లోడు సిరాకు పడతన్నాడన్నావు."

సాయిపద్మ సుమిత్‌ని వీపు మీంచి ఒళ్లోకి లాక్కుంది. వాడు బరువెక్కాడు. ఎత్తుకుంటే చేతులు లాగుతున్నాయి.

గేట్ బజార్లోని బట్టల కొట్టు మూసి వచ్చిన శ్యామ్, గొడుగు దులిపి, చంకలోని డైపర్ల ప్యాకెట్ తీసి అలమరలో పెట్టాడు.

"మళ్లీ తెచ్చావా?" అంది వాసవీకుమారి.

"ఇంకో ప్యాకెట్ అమ్మా. అంతే."

"అది పిచ్చిదనుకుంటే, నువ్వు దానికి తోడు!"

శ్యామ్ భార్య వైపు చూడకుండా కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

సాయిపద్మ చెల్లెలు నవ్యది భువనేశ్వర్‌లో ఉద్యోగం. ఆఫీసు అవగానే రోజూ ఫోన్ చేస్తుంది. సుమిత్ ఏం తిన్నాడు, ఏం మాట్లాడాడు, ఎంతసేపు పడుకున్నాడు, అన్నీ అయ్యాక అసలు ప్రశ్న అడుగుతుంది.

"ఇంకా మొదలెట్టలేదా అక్కా? నేను పంపిన వీడియోలు సూసావా? డైపరు మానకపోతే ఇక్కడ పిల్లల్ని సూసుకునే ఏ క్రెష్ వాళ్లూ సేర్సుకోరు."

"అక్కడ కూకుని నువ్వలాగే సెప్తావు. ఇక్కడ తుడుసుకునేది నేను."



"నిజమేలే అక్కా," అంది నవ్య.

ఆ మాటన్నందుకు సాయిపద్మకి ఆ పూట అన్నం సహించలేదు.

జలుబు మందు కోసం సుమిత్‌ని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, పనిలో పనిగా డైపరు సంగతీ అడిగింది. ఇంకా టైము కాలేదని ఆయనైనా అంటాడేమోనని ఆశ.

"తడిస్తే చెప్తున్నాడా?"

"చెప్తాడండి."

"ఒక రెండు గంటలు పొడిగా ఉంటున్నాడా? లాగూ తనే లాక్కుంటున్నాడా?"

ఆమె తలూపింది.

"వాడు రెడీగానే ఉన్నాడమ్మా. ఇక మీరే రెడీ అవ్వాలి," అని ఆయన నవ్వాడు.

తిరిగి వస్తుంటే ఆటోలో వాన జల్లు కొట్టింది. సుమిత్‌ని చీర కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఇంకొన్నాళ్లు పోనీ అనుకుంది.

ఆ ఇంకొన్నాళ్లు ఎక్కువ రోజులు నిలవలేదు.

ఒక సాయంత్రం మేడ మీద వాటాలో పిల్లలంతా ఆడుకుంటున్నారు. సుమిత్ ఒక్కడే ఏడుస్తూ దిగి వచ్చాడు. వెనకే ఆ ఇంటి పిల్ల బేబీ మెట్ల మీద నిలబడి చప్పట్లు కొడుతోంది.

"డైపరోడు! డైపరోడు!"

సుమిత్ సాయిపద్మ దగ్గరికి రాలేదు. తిన్నగా పోయి అలమరకీ గోడకీ మధ్య సందులో దూరాడు. పిలిస్తే రాలేదు. బిస్కెట్టు చూపిస్తే రాలేదు. ఆమె వంగి చూసింది. వాడు రెండు చేతులతో డైపరు కనబడకుండా చొక్కా కిందికి లాక్కుంటున్నాడు.

అంత చిన్నవాడికి సిగ్గు. తన వల్ల.

తెల్లారి లేవగానే డైపరు విప్పేసింది. మళ్లీ కట్టలేదు.

ఆ తర్వాత ఇల్లంతా వరదే. సోఫా మీద, చాప మీద, శ్యామ్ చెప్పుల్లో. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. కాసేపటికోసారి వాడిని బాత్రూంలో కూర్చోబెట్టి, ఎదురుగా గోడకి ఆనుకుని కునికిపాట్లు పడింది. చేతులు ఫినాయిల్ కంపు. కోప్పడలేదు. ఒక్కసారి మాత్రం విసుగొచ్చి గట్టిగా అరిచి, వెంటనే వాడిని పట్టుకుని తనే ఏడ్చింది.

వానలు తెరిపిచ్చాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ అన్నాల దగ్గర కూర్చున్నారు. సుమిత్ ముద్ద నోట్లో పెట్టుకునే లేచాడు.

"అమ్మా, ఉచ్చ!"

సాయిపద్మ లేచేలోగానే తనే లాగూ లాక్కుంటూ పరుగెత్తాడు. బాత్రూంలో కూర్చుని, పని ముగించి, మగ్గుతో నీళ్లు కూడా పోశాడు. సగం నీళ్లు తన కాళ్ల మీదే పోసుకున్నాడు.

"సేసీసాడు! నా నాయనే! ఎంత బుద్ధిమంతుడో సూడండి!" వాసవీకుమారి ఎంగిలి చేత్తోనే చప్పట్లు కొట్టింది. మరుక్షణం ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

శ్యామ్ తల వంచుకుని అన్నం కెలుకుతున్నాడు.

సాయిపద్మ సుమిత్ కాళ్లు తుడిచింది. పొడి లాగూ తొడిగింది. బుగ్గ మీది మెతుకు తీసింది. చేయడానికి ఇంకేదైనా పని ఉందేమోనని చుట్టూ చూసింది. లేదు.

గదిలోకి వెళ్లి ఫోన్ తీసింది. చెల్లెలి నంబరు నొక్కింది.

"నవ్యా, నీ కొడుకు డైపరు మానీసాడు, వచ్చి తీసుకెల్లు."